అమ్మ పేరు పక్కన ‘త్యాగం’ అని రాయకండి

అమ్మ సంస్మరణ సంచిక తెస్తున్న అన్నయ్యలకూ అక్కలకూ, ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకుంటూ ఒక్క రోజైనా పెన్సిల్ పట్టుకున్న అందరికీ,

నమస్కారం.

సంచిక డ్రాఫ్ట్ పంపినందుకు ముందుగా థాంక్స్. నిన్న రాత్రి మొత్తం చదివాను. పొద్దున్నే లేచి ఇంకోసారి చదివాను. ఉద్యోగాలు, ఇళ్లు, పిల్లలు అన్నీ చూసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని ఇంత పని చేశారంటే అమ్మ మీద మీకెంత ప్రేమో తెలుస్తూనే ఉంది. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో మీలో ఎవరో ఒకరు ఫోన్ చేసి పలకరించని వారం లేదు. అది నేను మర్చిపోను.

కానీ మొదటి పేజీలో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. “కుటుంబం కోసం, విద్యార్థుల కోసం తన కళను త్యాగం చేసిన మాతృమూర్తి” అని రాశారు. నాలుగో పేజీలో “పిల్లల్ని ఒక్క రోజు కూడా విడిచి ఉండని తల్లి” అని ఉంది. ఎగ్జిబిషన్ జాబితాలో నలభై పెయింటింగులున్నాయి. అన్నీ ఫ్రేములు కట్టినవే. మీ బొమ్మలు ఒక్కటీ లేవు, మీరు పిల్లలుగా ఉన్నప్పుడు ఆమె మీతో కలిసి వేసినవీ లేవు.

ఇవన్నీ మీకు ఫోన్‌లో చెప్పేయొచ్చు. కానీ ఆ డ్రాఫ్ట్ ఇప్పటికే అమ్మ పాత విద్యార్థులు చాలామందికి వెళ్లింది. వాళ్లలో కొందరు ఆ వాక్యాన్నే ఫొటో మీద రాసి నాకు పంపారు. చదివి ఏడ్చామని రాశారు. అందుకే ఈ ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాను. దయచేసి కోపం అనుకోకండి.

అమ్మ దేన్నీ త్యాగం చేయలేదు. చేసి ఉంటే ముందు నాకు తెలిసేది. త్యాగం చేసినవాళ్ల ఇంట్లో పెరిగిన పిల్లలకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, అన్నం పెట్టేటప్పుడు తెలుస్తుంది, పుస్తకాలు కొనిచ్చేటప్పుడు తెలుస్తుంది. మీ కోసం నేను ఇది వదులుకున్నాను అనే మాట నోటితో అనకపోయినా ఇంట్లో వినపడుతూనే ఉంటుంది. మా ఇంట్లో అది ఎప్పుడూ వినపడలేదు. అమ్మ బొమ్మలు వేసేది. మమ్మల్ని పెంచేది. మీకు నేర్పేది. ఈ మూడూ ఒకే బల్ల మీద జరిగేవి. ఆ బల్ల మీకు తెలుసు. ఒక కాలు పొట్టిదైతే కింద మడిచిన అట్టముక్క పెట్టి ఉండేది చూడండి, అదే. దాని మీద నేను లెక్కలు చేస్తుంటే పక్కనే అమ్మ రంగు కలిపేది, ఎదురుగా మీలో ఒకరు బాక్సులో పెన్సిల్ చెక్కుకుంటుండేవారు. వీటిలో ఏది కళ, ఏది కుటుంబం, ఏది ఉద్యోగం అని అడిగితే అమ్మ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసేది.

అమ్మకి ఒక అలవాటు ఉండేది. మీలో చాలామంది గమనించే ఉంటారు. కలిపిన రంగు కాగితం మీద పెట్టేముందు ఎడమచేతి చూపుడువేలి గోరు మీద ఒక చుక్క పెట్టి చూసుకునేది. పక్కన వేరే కాగితం ముక్క ఉన్నా సరే, గోరు మీదే. నేను బడి నుంచి రాగానే ఆ గోరు చూసేదాన్ని. అమ్మ పొద్దున్నించి దేని మీద పని చేసిందో గోరు చెప్పేసేది. పసుపుపచ్చగా ఉంటే మనసు బాగుందన్నమాట. బూడిద రంగు ఉంటే ఆ సాయంత్రం నేను ఏమీ అడిగేదాన్ని కాదు.

ఆఖరి నెలలో ఆసుపత్రిలో, ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పు వేలికి పెట్టడానికి నర్సు వచ్చింది. గోరు మీద రంగుంటే రీడింగ్ తేడా వస్తుంది, నెయిల్ పాలిష్ తుడిచేయాలండీ అంది. అమ్మకి అప్పటికి గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. అయినా నవ్వి, “పాలిష్ కాదమ్మా, ప్రష్యన్ బ్లూ” అంది. ఆ అమ్మాయి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తుంటే, “మెల్లగా తుడువు, అది బట్టలకి అంటితే వదలదు” అని జాగ్రత్త చెప్పింది. గోరు మధ్యలో పోయింది గానీ అంచున సన్నటి నీలం గీత ఉండిపోయింది. అది చివరిదాకా ఉంది. అమ్మ మంచం పక్కన బీరువాలో చిన్న రంగుల డబ్బా, పోస్టుకార్డు సైజు కాగితాలు ఉండేవి. ఆసుపత్రిలో చేరాక కూడా తొమ్మిది బొమ్మలు వేసింది. కళను త్యాగం చేసిన మనిషి అక్కడ ఆ డబ్బా ఎందుకు పెట్టుకుంటుంది చెప్పండి.

మీరు ఆమెను స్వేచ్ఛాజీవి అని కూడా రాశారు. ఆ మాట నాకు నచ్చింది, నిజం కూడా. కానీ అదే పేజీలో త్యాగమూర్తి అని ఉంది. ఈ రెండిట్లో ఏదో ఒకటే నిజం కావాలి. తల్లి అనగానే మన చేతికి వచ్చే మాట త్యాగం. మీరు కావాలని రాయలేదని నాకు తెలుసు. ఆ మాట అలవాటుగా వచ్చేస్తుంది. మగవాడు పొద్దంతా బొమ్మలు వేసి, బడిలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకుంటే బహుముఖ ప్రజ్ఞాశాలి అంటాం. అదే పని అమ్మ చేస్తే త్యాగం అంటున్నాం.

రూత్ అసావా అనే శిల్పి గురించి నాకు అమ్మే చెప్పింది. మీలో కొందరికీ చెప్పి ఉంటుంది. ఆమె 1926లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, జపాన్ నుంచి వలస వచ్చిన రైతు కుటుంబంలో పుట్టింది. 1942లో యుద్ధం పేరుతో అమెరికా పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాలున్నవాళ్లందర్నీ నిర్బంధించినప్పుడు, ఆమెని తల్లితో, తోబుట్టువులతో కలిపి ముందు సాంటా అనీటా అనే గుర్రప్పందేల మైదానంలో గుర్రాల కొట్టాల్లో ఉంచారు. డిస్నీ స్టూడియోలో పనిచేసిన ఆర్టిస్టులు కొందరు ఆ నిర్బంధంలోనే ఉన్నారు. ఆమెకి బొమ్మలు వేయడం వాళ్లే నేర్పారు. తర్వాత టీచర్ అవ్వాలని చదివింది. కానీ జపాన్ మనిషి కాబట్టి బడిలో పాఠం చెప్పే శిక్షణకి ఎక్కడా చోటివ్వలేదు. ఆ డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. అక్కణ్నుంచి 1946లో బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్లి జోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడి దగ్గర చదువుకుంది. 1947లో మెక్సికోలోని టొలూకాలో తీగతో బుట్టలు అల్లేవాళ్ల దగ్గర ఆ అల్లిక నేర్చుకుంది. ఆ అల్లికతోనే, లోపల ఒక ఆకారం, దాని లోపల ఇంకో ఆకారం కనిపించేలా, గాలిలో వేలాడే శిల్పాలు చేసింది.

అమ్మకి అందులో బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. అసావాకి ఆరుగురు పిల్లలు. ఆమె పని చేసింది ఇంట్లోనే, వాళ్ల మధ్యే. ఇమోజెన్ కన్నింగ్‌హామ్ అనే ఫొటోగ్రాఫర్ 1957లో తీసిన ఒక ఫొటో ఉంది. అసావా కింద కూర్చుని తీగ అల్లుతుంటుంది, చుట్టూ పిల్లలు తమ లోకంలో తాముంటారు. ఆ ఫొటో కాపీ ఒకటి మా ఇంట్లో బీరువా తలుపుకి లోపలివైపు అంటించి ఉండేది. చిన్నప్పుడు నేను అది ఎవరో చుట్టాల ఇల్లనుకునేదాన్ని. అంత మా ఇల్లులా ఉండేది. ఆ ఫొటోలో ఎవరు ఎవరి కోసం ఏం వదులుకున్నారో వెతికినా కనపడదు.

అసావా అంతటితో ఆగలేదు. 1968లో ఆల్వరాడో అనే బడిలో పిల్లలకి కళలు నేర్పే వర్క్‌షాప్ మొదలుపెట్టింది. ఊరికే పెద్దలు వచ్చి ఉపన్యాసమిచ్చి వెళ్లడం కాకుండా, పనిచేసే ఆర్టిస్టులే తరగతిలోకి వచ్చి పిల్లలతో కూర్చోవాలన్నది ఆమె పట్టు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆమె చేసిన ఒక ఫౌంటెన్ ఉంది. 1973లో పెట్టారు. దాని చుట్టూ నగరంలోని దృశ్యాలుంటాయి. అవి ముందు పిండిలో ఉప్పు కలిపిన ముద్దతో చేసినవి. చేసిన వాళ్లలో బడిపిల్లలూ ఉన్నారు. వాళ్లు చేసిన వాటిని తర్వాత కంచులో పోత పోయించారు. ఆర్టిస్టు పని ఇది, పిల్లల ఆటవస్తువులు అవి అని విడదీయలేదు. ఆ నగరంలో కళలు నేర్పే ప్రభుత్వ హైస్కూలుకి 2010లో ఆమె పేరే పెట్టారు. టీచర్ శిక్షణకి చోటివ్వని మనిషి పేరు ఒక బడికి రావడం అమ్మకి ఎంత తృప్తిగా ఉండేదో. ఆ వార్త చదివిన రోజు మనందర్నీ కూర్చోబెట్టి ఆ సంగతే చెప్పింది, ఆ రోజు క్లాసు జరగలేదు. గుర్తుందా?

ఇప్పుడు నాలుగో పేజీ సంగతి. “పిల్లల్ని ఒక్క రోజు కూడా విడిచి ఉండని తల్లి.” ఇది తీసేయండి. ఎందుకంటే అమ్మ మమ్మల్ని విడిచి వెళ్లింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు నలభై రోజులు, ఒక్కతే. మీలో పెద్దవాళ్లకి ఈ సంగతి తెలుసు, అయినా రాయలేదు. అమ్మ పేరు చెడగొట్టినట్టవుతుందని భయపడి ఉంటారు. నేనే చెప్తాను.

అమ్మ వెళ్తున్నానని రాత్రి అన్నం దగ్గర చెప్పింది. నాన్న ముందే ఒప్పుకున్నట్టున్నాడు, ఏమీ అనలేదు. ఎక్కడికి అని అడిగితే, ఎవరూ నన్ను పిలవని చోటికి అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ నలభై రోజులూ నాకు జడ సరిగ్గా వేసినవాళ్లు లేరు, బడిలో అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. మీ అమ్మ వెళ్లిపోయిందటగా అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. లేదు, పనికి వెళ్లింది అన్నాను. ఆ జవాబు నాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే సరైన జవాబనిపిస్తుంది. అప్పుడు మాత్రం అబద్ధం చెప్పానని రాత్రి నిద్రపట్టలేదు.

వచ్చాక అమ్మ సంచిలోంచి ముప్ఫై ఒక్క బొమ్మలు తీసి నేల మీద వరసగా పరిచింది. అన్నీ ఒకే చెట్టు. పొద్దున చెట్టు, మధ్యాహ్నం చెట్టు, వానలో చెట్టు, పూర్తిగా చీకటిపడ్డాక ఉందో లేదో తెలియని చెట్టు. నా కోసం బొమ్మో గౌనో తెచ్చిందేమో అని చూశాను. ఏమీ తేలేదు. “నలభై రోజుల్లో నువ్వేం చూశావు?” అని అడిగింది. నేను పలకలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, మా వీధిలో కుక్క పిల్లల్ని పెట్టిందని చెప్పాను. ఎన్ని, ఏ రంగు, ఎలా పడుకున్నాయి, తల్లి ఎటు తిరిగి ఉంది, ఒక్కొక్కటే అడిగింది. చెప్పలేక గీసి చూపించాను. నా జీవితంలో శ్రద్ధగా గీసిన మొదటి బొమ్మ అది.

ఆ నలభై రోజులు నాకు బాధ కలిగించలేదని అబద్ధం చెప్పను. కలిగించాయి. ఈ రోజుకీ ఎక్కడో కొంచెం ఉంది. అమ్మకీ తెలుసు. పెద్దయ్యాక ఒకసారి నేరుగా అడిగాను, అప్పుడు వెళ్లకుండా ఉండలేకపోయావా అని. “ఉండగలిగేదాన్నే. కానీ ఆ తర్వాత మీ దగ్గరుండేది నేను కాదు” అంది. క్షమించమని అడగలేదు. నేనూ అడగమని అనలేదు. ఈ మాట సంచికలో వేయండి. ఆ ముప్ఫై ఒక్క చెట్లలో ఆరు మీ జాబితాలో ఉన్నాయి, వాటి కింద ‘ప్రకృతి దృశ్యం’ అని రాశారు. ఏ రోజుల్లో వేసిందో చెప్పకుండా వాటిని గోడకి పెడితే సగం కథ దాచినట్టే.

కేటే కోల్విట్జ్ బొమ్మలు మీ అందరికీ అమ్మ చూపించింది. బొగ్గుతో వేయడం నేర్పే రోజు తప్పకుండా ఆ పుస్తకం తీసేది. బెర్లిన్‌లో పేదలుండే పేటలో వైద్యం చేసే డాక్టరు భార్య, ఇద్దరు మగపిల్లల తల్లి, మహిళా కళాకారుల బడిలో పాఠాలు చెప్పిన టీచరు. 1903లో ఆమె వేసిన ఒక ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మ) ఉంది, చనిపోయిన బిడ్డని ఒళ్లో అదుముకున్న తల్లి. దానికి మోడల్ ఎవరనుకున్నారు? ఏడేళ్ల చిన్నకొడుకు పీటర్‌ని చేతుల్లో పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ ఆమె తనని తానే గీసుకుంది. బరువుకి మూలిగితే, దిగులుపడకమ్మా, ఇది కూడా అందంగా వస్తుందన్నట్టు ఆ పిల్లవాడే ఓదార్చాడట. మరుసటి ఏడాది, 1904లో, ఆమె పారిస్ వెళ్లింది. శిల్పం నేర్చుకుంది, ఫ్రెంచి శిల్పి రోదాన్ని కలిసింది. పీటర్‌కి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ పీటరే పద్దెనిమిదేళ్లకి, 1914 అక్టోబరులో, బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. అతని కోసం ఆమె చేసిన శిల్పం, మోకాళ్ల మీద కూలబడిన తండ్రీ తల్లీ, అక్కడి సైనికుల శ్మశానంలో పెట్టేసరికి 1932 వచ్చింది. పద్దెనిమిదేళ్లు. మధ్యలో ఎన్నో నమూనాలు చేసి పక్కన పెట్టేసింది. ఆ తల్లి పారిస్ వెళ్లిందని ఎవరైనా తప్పుపట్టగలరా? ఆ శిల్పం చేసినవాళ్లలో తల్లి ఎవరు, ఆర్టిస్టు ఎవరు అని విడదీయగలరా?

నాకు అమ్మ నలభై రోజుల ప్రయాణం అర్థమవ్వడం మొదలైంది ఆ పుస్తకంతోనే. పూర్తిగా అర్థమైందని అనను.

ఇక మీ గురించి. అంటే టీచరుగా అమ్మ గురించి. డ్రాఫ్ట్‌లో ఈ భాగం ఒక్క పేజీలో తేల్చేశారు. “ఎందరో విద్యార్థులను తీర్చిదిద్దారు” అని. అమ్మ ఎవర్నీ తీర్చిదిద్దలేదు. ఆ మాట వింటే ఊరుకునేది కాదు. మీలో ఇద్దరు ఆర్టిస్టులయ్యారు, ఒకరు కళ్ల డాక్టరయ్యారు, ఒకరు లారీలకి పేర్లు రాస్తారు, చాలామంది మళ్లీ కుంచె పట్టలేదు. వీళ్లందర్లో ఎవరు గొప్ప శిష్యులు అని ఆమె ఎప్పుడూ లెక్క వేయలేదు.

చిన్నపిల్లలు బొమ్మ వేస్తే పైన ఒక నీలం గీత గీస్తారు, అది ఆకాశం. కింద ఒక పచ్చ గీత, అది నేల. మధ్యలో ఖాళీ. ఆరేడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా చాలామంది పిల్లలు ఇలాగే వేస్తారు. పిల్లల బొమ్మల మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ లాంటివాళ్లు దీన్ని ఎదుగుదలలో ఒక దశగా గుర్తించారు. అది తప్పు కాదు, ఆ వయసు ఆలోచన. ముందే గీసిచ్చిన బొమ్మల్లో రంగులు నింపే పుస్తకాలు పిల్లలకి ఇవ్వొద్దని కూడా లోవెన్‌ఫెల్డ్ గట్టిగా చెప్పాడు. అమ్మ ఒక బడిలో చేరిన మొదటి ఏడాదే అక్కడ గొడవైంది. ఆ బడి పేరు ఇక్కడ అక్కర్లేదు. వార్షికోత్సవానికి పిల్లలందరి బొమ్మలూ ఒకేలా, నీటుగా ఉండాలి, ఆకాశం మొత్తం నీలం నింపించండి అని వాళ్లు అడిగారు. మీకు కావాల్సింది గోడ కాగితం, బొమ్మలు కాదు అని చెప్పి అమ్మ ఆ నెలాఖరుకి మానేసింది. ఇంట్లో డబ్బు ఇబ్బందిగా ఉన్న రోజులవి. నాన్న ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, సరే, ఇంటికే రమ్మను పిల్లల్ని అన్నాడు. మన బల్ల దగ్గర ఆదివారం క్లాసు అలా మొదలైంది. మీలో మొదటి ఆరుగురు ఆ బడి మానేసి వచ్చిన టీచర్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే.

ఆ బల్ల దగ్గర నీలం గీతని ఆమె ఎప్పుడూ దిద్దలేదు. ఒక రోజు మీలో ఒకరు (పేరు రాయను, చదువుతుంటే తెలుస్తుంది) ఎవరో నవ్వారని ఏడుస్తూ, ఆకాశం కింద దాకా ఎందుకు రాదు టీచర్ అని అడిగారు. అమ్మ జవాబు చెప్పలేదు. లేచి చెయ్యి పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్లింది. మేమంతా వెనకాలే వెళ్లాం. వెల్లకిలా పడుకోబెట్టింది. ఎంతసేపో పడుకున్నాం. కిందకి వచ్చాక ఎవరి కాగితం వాళ్లు తీసుకున్నారు. కొందరు గీతే గీశారు. కొందరు కాగితమంతా నింపేశారు. రెండూ గోడకి పక్కపక్కనే అంటించింది.

ఇంకో మాట, తప్పు గీశానని కాగితం చింపేవాళ్లని ఆమె ఏం చేసేదో గుర్తుందా? చింపిన ముక్కలు ఏరి, బల్ల మీద పెట్టి, ప్రష్యన్ బ్లూ కథ చెప్పేది. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో డీస్‌బాక్ అనే రంగుల తయారీదారు ఎరుపు చేద్దామనుకున్నాడు. వాడిన పొటాష్ కల్తీది. ఎరుపు రాలేదు, ముదురు నీలం వచ్చింది. అంతకుముందు చిత్రకారులకి మంచి నీలం కావాలంటే లాపిస్ లాజులీ రాయి నుంచి తీసింది కొనాలి, దాని ఖరీదు బంగారంతో పోటీ. ఆ పాడైన ఎరుపు పుణ్యమా అని చవకగా నీలం దొరికింది. జపాన్ చిత్రకారుడు హొకుసాయి వేసిన ఆ పెద్ద అల బొమ్మలో ఉన్నదీ అదే. కథ చెప్పాక, ఇప్పుడు ఈ ముక్కలతో ఏం చేద్దాం అనేది. మా ఇంట్లో ఆ ముక్కల డబ్బా ఇంకా ఉంది. అడుగున మీ అందరి చేతులూ ఉన్నాయి.

అమ్మ తన బొమ్మల మీద సంతకం చేసేది కాదు. అడిగిన వాళ్లకి అడిగినట్టు ఇచ్చేసేది. కానీ మీ చేత మాత్రం ప్రతి కాగితం వెనక పేరు, తేదీ రాయించేది, అదీ పెన్సిల్‌తోనే. విసుక్కునేవాళ్లు మీరు. దాని వెనక ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ ఉంది. 1898లో వియన్నాలో పుట్టి, జర్మనీలో బౌహౌస్ అనే కళల బడిలో చదువుకున్న ఆర్టిస్టు. 1942 డిసెంబరులో నాజీలు ఆమెని టెరెజిన్ అనే నిర్బంధ నగరానికి పంపారు. అక్కడి పిల్లలకి ఆమె బొమ్మలు నేర్పింది. పాత ఆఫీసు కాగితాలో, చుట్టిపెట్టే కాగితాలో, దొరికిన వాటి మీదే. పిల్లలు అక్కడ ఖైదీ నంబర్లు. ఆమె మాత్రం ప్రతి బొమ్మ మీదా పేరు రాయించేది. 1944 అక్టోబరులో ఆమెని ఆష్విట్జ్‌కి తీసుకెళ్లి చంపేశారు. వెళ్లేముందు రెండు సూట్‌కేసుల్లో దాదాపు నాలుగున్నర వేల బొమ్మలు దాచి వెళ్లింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. వాళ్ల పేర్లు బతికాయి, ఎందుకంటే టీచర్ రాయించింది. ఆ సూట్‌కేసుల్లో ఆమె తన సొంత పెయింటింగులు పెట్టుకోలేదు, పిల్లలవి పెట్టింది. అమ్మ ఈ సంగతి నాతో చెప్పింది ఒక్కసారే. చెప్పి లేచి లోపలికి వెళ్లిపోయింది.

అందుకే మీ జాబితాలో నలభై పెయింటింగులే ఉండటం నాకు మనసొప్పడం లేదు. మా అటక మీద మీ బొమ్మల కట్టలు పదిహేడున్నాయి. ప్రతి కాగితం వెనకా పేరుంది. నలభై ఫ్రేముల్లో పదిహేను తగ్గించండి, ఆ చోట్లో ఇవి పెడదాం. మీరు ఏడేళ్లప్పుడు గీసిన నీలం గీత పక్కన అమ్మ చెట్టు ఉండాలి. చూడటానికి వచ్చినవాళ్లు ఏది టీచర్‌ది, ఏది పిల్లలది అని తడుముకుంటే ఇంకా మంచిది.

మీ ఇళ్లలో కూడా వెతకండి. పాత పుస్తకాల మధ్య, బీరువా అడుగున, పెళ్లి ఆల్బమ్ వెనక అట్టలో, ఎక్కడో అమ్మ బొమ్మ ఉండే ఉంటుంది. సంతకం లేదని పక్కన పెట్టకండి. దొరికితే ముందు ఫొటో తీసి పంపండి. పోస్టులో అసలుది పంపి పాడుచేయొద్దు. వెనక మీ పేరు, ఎప్పుడిచ్చిందో గుర్తున్నంత వరకు పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ను ఇంకు ఇవతలికి పాకుతుంది. చిరుగుంటే సెల్లో టేప్ వేయకండి, అది కొన్నేళ్లకి పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలు వద్దు. మీలో ఒకరు ప్రేమకొద్దీ చేయించి తెచ్చారు, అది ఇంక తీయడానికి లేదు. వాటర్ కలర్స్ మీద ఎండ పడకూడదు. అమ్మ ఇష్టంగా వాడిన అలిజరిన్ క్రిమ్సన్ అయితే వెలుతురుకి కళ్లముందే పాలిపోతుంది. మ్యూజియాల్లో ఇలాంటి వాటికి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు, అంటే మన హాల్లో సగం లైట్లు ఆర్పేయాలి. ఫొటోలు బాగా రావని అనొద్దు. కిటికీల వైపు గోడకి ఏమీ పెట్టొద్దు. ఫ్రేముల గురించి మాట్లాడటానికి మీలో ఒకరు వస్తామన్నారు, వచ్చేటప్పుడు కొలతల టేపు తెచ్చుకోండి.

సంచిక మొదటి వాక్యం నన్నే రాయమంటారేమో. రాయను. మీరే రాయండి, కానీ త్యాగం లేకుండా రాయండి. ఆమె బొమ్మలు వేసింది, ఇన్నేళ్లు పాఠం చెప్పింది, ఇద్దరు పిల్లల్ని పెంచింది అని రాసినా చాలు. ‘కూడా’ అనే మాట ఎక్కడా వద్దు. తల్లి అయి ఉండి కూడా, టీచర్‌గా ఉంటూ కూడా, అలాంటివి. నాలుగో పేజీలో నలభై రోజుల సంగతి నేను రాసిస్తాను. తమ్ముడిని కూడా అడిగాను, వాడికి అభ్యంతరం లేదు. వాడికి అప్పుడు ఐదేళ్లు. అమ్మ వచ్చిన రోజు ఆ చెట్ల మీదుగా పరుగెత్తిన పాదం గుర్తు ఒకదాని మీద ఉంది, అది నాదే అని గర్వంగా చెప్తున్నాడు. ఆ బొమ్మ మీ జాబితాలో లేదు, మరక ఉందని తీసేసినట్టున్నారు. దాన్ని పెట్టండి.

చివరిగా ఆసుపత్రి బొమ్మలు తొమ్మిది. ఎనిమిది పూర్తయ్యాయి. తొమ్మిదోది కిటికీ. పైన నీలం గీత ఒక్కటే ఉంది, కింద అంతా తెల్ల కాగితం. అది పూర్తి కాలేదని కొందరన్నారు. నాకు తెలియదు. అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకుంది, మళ్లీ తీయలేదు. వెనక తిప్పి చూస్తే పెన్సిల్‌తో తేదీ ఉంది, మొదటిసారి తన పేరూ ఉంది.

దాన్ని ఫ్రేమ్ కట్టించలేదు. హాల్లో తలుపు పక్కన, కింద, చిన్నపిల్లల ఎత్తుకి పెట్టాలనుంది. రెండు వైపులా కనపడేలా మధ్యలో అద్దం పలకలతో నిలబెట్టే పద్ధతి ఉందట, మీలో చెక్కపని తెలిసిన అన్నయ్య చేసిస్తానన్నాడు. ఆదివారం ఉదయం మన బల్ల దగ్గరే కూర్చుని మిగతావి చూద్దాం. అటక మీంచి కట్టలు నేను దింపి ఉంచుతాను. ముక్కల డబ్బా కూడా.

మీ
టీచరు గారి అమ్మాయి